మర్రిగూడ ప్రయాణము – పింగాణి పండ్లు

ప్రయాణమన్న తీర్థయాత్రయో, పెండ్లియో, పురుడో కారణముగా నుండవలెనని మన పెద్దల తలంపు. పండ్లకొరకు ప్రయాణము చేసితినని చెప్పిన, బత్తాయిపండ్లు తెచ్చుటకా యని యడుగుదురు. నేను పోయిన ప్రాంతము బత్తాయితోటలకు పేరుపొందినదే. కాని నేను చెప్పబోవు పండ్లు నోటిలోని పండ్లు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ మండలపు పల్లె యొకదానియందు మా యక్క కాపురమున్నది. ఆమె కూతురిని వెంటబెట్టుకొని, దాని ముందుపండ్లకు పింగాణి పొరలు వేయించుటకై హైదరాబాదు ఆసుపత్రుల చుట్టు పలుమారులు తిరిగితిని. ఆ త్రోవలో చూచినదియు, దంతవైద్యుల యొద్ద విన్నదియు, తుదకు మేము నిశ్చయించుకొన్నదియు సోదరీమణులకు విన్నవించుట యుపయోగకరమని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు బాటను జనులు సాగరు రోడ్డని పిలుతురు. నగరపు మేడలు వెనుకబడి, ఇబ్రహీంపట్నపు పెద్దచెరువు కనబడునప్పటికి గాలి మారును. యాచారము, మాలు దాటిన పిమ్మట ఇరుప్రక్కలను గుండ్ల గుట్టలే. ఎవరో బలవంతుడు ఆటకు పేర్చి విడిచిపోయినట్లు ఒక గుండుమీద మరియొక గుండు నిలిచియుండును. వాని నడుమ సీతాఫలపు పొదలు, తాటిచెట్లు, ఎర్రనేలలో పత్తిచేలు, అచ్చటచ్చట పచ్చని బత్తాయితోటలు. చూచుటకు సొంపైన సీమయే. కాని యీ సీమ కష్టమంతయు ఆ గుండ్లలోనే యిమిడియున్నదని నాకు చాలకాలము తెలియదు.

ఆ రాయి గ్రానైటు. దానిలో ఫ్లోరైడు గల ఖనిజములు కలవు. వాననీరు నేలలోనికింకి, ఆ రాతి పగుళ్లలో ఏండ్లతరబడి నిలిచి, ఫ్లోరైడును కరగించుకొనును. పైబావు లెండిపోయి, బోరుబావులు నానాటికి లోతునకు పోయినకొలది, పైకి వచ్చునది రాతితో చిరకాలము కాపురము చేసిన నీరు. ఆ నీటికి రంగులేదు, వాసనలేదు. కడవలో పోసిన అద్దమువలె నుండును. త్రాగిన దప్పిక తీరును. అది చేయు కీడు మాత్రము పిల్లల పండ్లమీద, పెద్దల నడుముమీద ఏండ్ల తరువాత కనబడును.

ఇంకొక వింత చెప్పవలెను. కృష్ణానదీ జలమును సాగరమునుండి హైదరాబాదునకు తెచ్చు పెనుగొట్టములు చాలదూర మీ బాటవెంబడినే సాగుచున్నవి. ఇరువదియొకటవ శతాబ్దపు తొలి సంవత్సరములందు అవి వేయబడినవి. మహానగరపు దాహము తీర్చు మంచినీరు తమ పొలిమేర ప్రక్కగా పరుగెత్తుచుండ, ఈ పల్లెలవారు పెక్కేండ్లు బోరునీరే త్రాగిరి. ఈ సంగతి చెప్పునప్పుడు మా బావగారు కోపపడరు; నవ్వుదురు. ఆ నవ్వు చూచుట కోపము చూచుటకంటె కష్టము.

పెద్దబాట విడిచి పల్లెకు పోవు దారి పట్టినప్పటి నుండి మనుష్యుల నోళ్లు చూచుట నాకలవాటైనది. ఆటో నడుపు పిల్లవానికి, కిరాణా దుకాణములోని యింతికి, బడినుండి వచ్చు బాలికలకు ముందుపండ్లమీద ఒకే తీరు మరకలు. కొందరికి సుద్దగీతల వంటి తెల్లని చారలు. కొందరికి గోధుమరంగు పట్టీలు. మరికొందరికి పురుగు తిన్నట్లు చిన్న చిన్న గుంటలు.

మా యక్కకు మాత్రము పండ్లు తెల్లన. మా పుట్టినిల్లు వరంగల్లు వైపు. ఆమె యిరువదవయేట నీ యూరికి కోడలై వచ్చినది. పంటిమీది గట్టిపొర, అనగా ఎనామిలు, పన్ను చిగురును చీల్చుకొని పైకి రాకముందే దవడలోపల తయారగును. ముందుపండ్లకు పుట్టినది మొదలు మూడు నాలుగేండ్లలో ఆ పని ముగియును. వెనుకటి పండ్లకు ఎనిమిదేండ్ల వరకు సాగును. ఆ కాలమున దేహమునకు ఫ్లోరైడు మితిమీరి చేరిన ఆ పొర బోలుగా ఏర్పడును. పన్ను పైకి వచ్చిన పిమ్మట ఆ బోలులో రంగు పట్టి మరక గోధుమవర్ణమగును. అక్క వచ్చునప్పటికి ఆమె పండ్లు తయారై యుండుటచే వానికేమియు కాలేదు. ఆమెకు పుట్టిన యిద్దరు బిడ్డలు మాత్రము మొదటి గుక్కనుండి ఆ నీటివారే. తల్లిబిడ్డలు ప్రక్కప్రక్కన నిలిచి నోరు తెరచిన, ఏ నీరు త్రాగి పెరిగినవా రెవరో చెప్పవచ్చును.

మా యక్క కూతునకు ఇరువదినాలుగేండ్లు. డిగ్రీ చదివి, దగ్గరి పట్టణమున నొక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠములు చెప్పుచున్నది. చురుకైన పిల్ల, మాట మంచిది. కాని నవ్వు వచ్చినప్పుడెల్ల కుడిచేయి పైకిలేచి నోటికి అడ్డముపడును. చిన్ననాట నే నది సిగ్గనుకొంటిని. ఒకనాడు బడిలో రెండవ తరగతి బాలుడొకడు, "టీచర్, మీరు పండ్లు తోముకోరా?" అని యడిగెనట. వానికి దుష్టబుద్ధి లేదు. అంతకుముందే పిల్ల వారికి పరిశుభ్రతను గూర్చి పాఠము చెప్పియుండెను. ఆ సాయంకాలము అది యిల్లు చేరి అన్నము తినలేదు.

ఆ తరువాత నొక సంబంధము వచ్చినది. వచ్చినవారు పలుపలుకులు పలుకక, పిల్ల నచ్చినది గాని పండ్లు బాగుగా లేవని మధ్యవర్తిచేత కబురంపిరి. మా యక్క నాకు ఫోను చేసి యేడ్చెను. నేను పోయినప్పుడు పిల్ల నాతో నన్నది: "చిన్నమ్మా, వాళ్లు వద్దన్నరని కాదు. నా పెండ్లికి అమ్మ నగ చేపియ్యాలని దాచిన పైసలు ఉన్నయి గదా, నాకు నగ వద్దు. పండ్లు బాగు చేపియ్యుండ్రి. నేను చేయి అడ్డం పెట్టుకోకుంట పాఠం చెప్పాలె."

మా యక్క నావైపు చూచెను. నేను మా బావగారివైపు చూచితిని. ఆయన లేచి బయటికి పోయి, కొంతసేపటికి వచ్చి, "ఎప్పుడు పోతరు?" అని మాత్రము అడిగెను.

ప్రయాణమునకు ముందు ఆ వాడకట్టున నొక యవ్వను చూచుటకు పోయితిమి. ఆమెకు నడుము వంగి, మెడ ప్రక్కకు తిరుగక, మోకాళ్లు చాపలేక మంచముననే గడచుచున్నది. ఫ్లోరైడు పండ్లతో ఆగదు. ఏండ్లతరబడి ఎముకలలో చేరి కీళ్లను, వెన్నెముకను బిగియగట్టును. దీనికి మందులేదు. మంచినీరు, మంచి తిండి వలన ముదరకుండ ఆపుకొనవలసినదే. మేము వచ్చిన పని విని అవ్వ పిల్ల గడ్డము పట్టుకొని, "పో బిడ్డా, పోయి రా. పంటికన్న ఏదో ఒకటి దొరికె. నడుముకు ఏ పింగాణి దొరుకుతది?" అనెను. అది యీసు కాదు, ఆశీర్వాదమే. అయినను ఆ మాట దారిపొడుగున నా చెవులలో మ్రోగుచునే యుండెను.

ఈ మరక మన సీమకే చెందినది కాదు. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్సు అను పట్టణమునకు 1901లో వచ్చిన ఫ్రెడరిక్ మెక్కే అను దంతవైద్యుడు అచ్చట పుట్టి పెరిగినవారి పండ్లపై గోధుమ మరకలు చూచి విస్మయపడెను. ముప్పదియేండ్లు శోధించినను కారణము చేతికి చిక్కలేదు. తుదకు 1931లో చర్చిలు అను రసాయనశాస్త్రజ్ఞుడు త్రాగునీటిలోని ఫ్లోరైడును పట్టియిచ్చెను. మన దేశమున 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలందు ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. తెలుగుపల్లెల పేర్లు వైద్యగ్రంథముల కెక్కుట గర్వింపదగిన సంగతియే కాని, ఇట్టి కారణమున ఎక్కుట మన దురదృష్టము.

నల్లగొండ పేరును అట్లే దేశదేశముల ప్రాకినది. నాగపురములోని జాతీయ పరిశోధనాలయమువారు పటిక, సున్నము నీటిలో కలిపి, ఫ్లోరైడును అడుగునకు దింపి, పైనీటిని వడకట్టు పద్ధతి నొకదానిని కనిపెట్టి, దానికి నల్లగొండ పద్ధతియని పేరిడిరి. గృహిణు లొక సంగతి గుర్తుంచుకొనవలెను. నీరు కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు మరిగి తగ్గినకొలది అది మరింత చిక్కనగును. మన ప్రమాణముల ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చును. అంతకు మించిన నీరు చంటిపిల్లలకు తగదు. కొద్దిపాటి ఫ్లోరైడు పంటిని పుచ్చకుండ కాపాడుననుటయు నిజమే. అందుకే పండ్లు తోము పేస్టులలో కలుపుదురు. మితమున మందు, అతియైన విషము.

ఇక నగరపు సంగతి. మేము మొదట పోయినది దంతసౌందర్యమునకే ప్రత్యేకముగా వెలసిన యొక పెద్ద క్లినిక్కు. దాని పేరు చెప్పను. అట్టివి నేడు ప్రతి నగరమునను గలవు. అద్దాల తలుపులు, చల్లనిగాలి, గోడలనిండ నవ్వుచున్న మొగములు. అచ్చట పిల్ల ముఖచిత్రము తీసి, కంప్యూటరు తెరమీద దానికి ముత్యములవంటి పండ్లు తగిలించి చూపిరి. పిల్ల కండ్లు చెమర్చినవి. నాకును మనసు కరగినది. అంతట పద్దు చెప్పిరి. పైన పది పండ్లు, క్రింద పది పండ్లు, మొత్త మిరువదింటికిని పింగాణి. రెండు రాకలతో ముగింతురట. ఆనాడే బయానా కట్టిన తగ్గింపు గలదట.

నేను పల్లెటూరి ప్రశ్న యొకటి వేసితిని. "పింగాణి ఊడిన?" వేరొకటి వేయుదుమనిరి. "దానికొరకు మీరు అరగదీయు పంటిపొర మరల పెరుగునా?" దానికి బదులు చెప్పవలసిన యువకుడు కాగితములు సర్దుకొనెను. పిల్ల నావైపు చూచెను. ఆలోచించుకొని వత్తుమని చెప్పి లేచితిమి. తగ్గింపు పోయినందుకు నాకేమియు చింత కలుగలేదు.

రెండవమారు ఒక దంతవైద్య కళాశాల ఆసుపత్రికి పోయితిమి. అచ్చట చల్లనిగాలి లేదు. చెక్కబల్లమీద రెండుగంటలు కూర్చుంటిమి. మా ప్రక్కన కూర్చున్నవారిలో సగము మంది నల్లగొండ వైపు వారే. ఒకరి నోరొకరు చూచి ఊరు పోల్చుకొని పలుకరించుకొనిరి. చూచిన డాక్టరమ్మ నడివయసు మనిషి. ఆమె మొదట అడిగినది పండ్లను గూర్చి కాదు: "ఏ ఊరమ్మా మీది? ఇప్పుడు ఏం నీళ్లు తాగుతున్నరు?"

ఆమె పిల్ల చేతికి అద్దమిచ్చి ఒక్కొక్క పన్ను చూపుచు చెప్పినది నాకు తెలిసినంత వ్రాయుచున్నాను. ఎనామిలు ముందుపంటిమీద మిల్లీమీటరు మాత్రపు పొర. చిగురు దగ్గర అంతకన్న పలుచన. పింగాణి పొర వేయుటకు దానిలో 0.3 మొదలు 0.7 మిల్లీమీటరు వరకు అరగదీయవలెను. మన గోరు మందమంత యనుకొనవచ్చును. కొంచెమే కదా యనిపించును. కాని గోరు పెరుగును, అది పెరుగదు. పింగాణి పొర చక్కగా కుదిరిన పది, పదునైదేండ్లు నిలుచుట సామాన్యము. కొన్ని అంతకు మించియు నిలుచును. ఇరువదినాలుగేండ్ల పిల్లకు వేసిన, జీవితకాలమున రెండు మూడు మారులు మార్చవలసివచ్చును. ఒకమారు మొదలిడిన పిమ్మట వెనుకకు మరలుట లేదు.

"కాబట్టి మొదట తక్కువ పనితో చూద్దాం" అని యామె మార్గము చెప్పెను. మరకలు పైపైననే యున్నచోట సన్నని ఆమ్లపు ముద్దతో సుతారముగా రుద్ది ఒక పలుచని పొర తీయవచ్చును. పిమ్మట మందుతో తెల్లబరుపవచ్చును. అప్పటికిని గుంటలు, ముదురు మరకలు మిగిలిన పండ్లకు మాత్రమే పింగాణి. ఇరువదింటికి గాక, అవసరమైన వానికే. పిల్లకు ఆ నిదానము మొదట నచ్చలేదు. తెరమీద చూచిన ముత్యములు దాని కన్నులలో మెదలుచునే యుండెను. అయినను సరేయనెను.

ఆరువారములలో దాని పండ్లు చాలవరకు తేటబడినవి. క్రిందివరుసకు పింగాణి యక్కరయే లేకపోయెను. పైవరుసలో కోరపండ్లును బాగుపడెను. నడిమి నాలుగు పండ్లు మాత్రము గుంటలు పడి మొండికెత్తినవి. ఆ నాలుగింటికి పింగాణి వేయ నిశ్చయమైనది. ఇరువది నాలుగైనది. అందులకు ఒక మంచి ప్రశ్న, రెండు గంటల చెక్కబల్ల చాలినవి.

ఈ పింగాణి పొరల కథయు చిత్రమైనదే. హాలీవుడ్డులో చార్లెస్ పింకస్ అను దంతవైద్యుడు సినీతారల పండ్లు చిత్రములో అందముగా కనబడుటకై పలుచని పింగాణి తొడుగులు చేసి, తాత్కాలికముగా అంటించెడివాడు. చిత్రము తీయునంతసేపే అవి నిలుచును. వానితో అన్నము తినుటకు లేదు. 1955లో బ్యూనొకోర్ అను నాతడు పంటిపొరను ఆమ్లముతో గరుకుచేసిన, దంతలేపములు దానికి గట్టిగా పట్టునని కనుగొనెను. 1983లో సైమన్సెన్, కలామియా అనువారు పింగాణి లోపలివైపును గూడ ఆమ్లముతో గరుకుచేయు విధము ప్రకటించిరి. ఇరుప్రక్కల గరుకుతనమును నడుమ లేపము పట్టుకొనును. అప్పటినుండి తారల తొడుగు గృహస్థుల కందినది.

ఆ రెండవ యామ్లము పేరు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము. డాక్టరమ్మ ఆ పేరు చెప్పగానే పిల్ల తలయెత్తి, "దాంట్ల గూడ ఫ్లోరైడే ఉంటదా, మేడం?" అని యడిగెను. ఉండునని యామె నవ్వెను. ఏ పదార్థము దీని పండ్లు చెరచెనో, దాని చుట్టమే వానిని బాగుచేయుటకు పనికివచ్చుచున్నది. పిల్ల కొంతసేపు ఊరకుండి, "మా ఊరు నన్ను ఇడుస్తలేదు చిన్నమ్మా" అనెను.

రంగు నిర్ణయించు దినమున మా యక్కయు వచ్చెను. తెలుపులో నెన్ని తెలుపులున్నవో నే నానాడు చూచితిని. వరుసగా గ్రుచ్చిన చిన్నచిన్న పింగాణి పండ్లు తెచ్చి, దీపములార్పి, కిటికీ యొద్ద పగటివెలుగులో పిల్ల పెదవిదగ్గర నొక్కొక్కటియు పెట్టి చూచిరి. పిల్ల అన్నిటికన్న తెల్లనిదానిని కోరెను. డాక్టరమ్మ తల యూపుచు, కంటి తెలుపునకు మించిన తెలుపు పంటికి నప్పదని చెప్పెను. అప్పుడు పిల్ల వెనుకకు తిరిగి, తల్లిని చూపి, "మా అమ్మ పండ్ల లెక్క చేయుండ్రి" అనెను. మా యక్కను పిలిచి కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి, ఆమె పంటితో సరిచూచి, ఆ రంగు వ్రాసికొనిరి. ఇంటికి పోవు బస్సులో మా యక్క ఒక్క మాటయు పలుకలేదు. కొంగుతో నోరు మూసికొని కిటికీవైపు తిరిగి కూర్చుండెను. బిడ్డకు తన పండ్లు పోలికగా రాకపోయెనని యిన్నేండ్లు ఆమె మనసున నున్న కొరత నాకానాడే తెలిసినది.

పని జరిగిన తీరు క్లుప్తముగా చెప్పెదను. ఒకనాడు చిగురునకు మత్తుమందిచ్చి, నాలుగు పండ్ల ముందుభాగమును పలుచగా అరగదీసి, అచ్చు తీసికొనిరి. పింగాణి తయారై వచ్చువరకు తాత్కాలికపు తొడుగులు వేసిరి. ఆ దినములందు చల్లనిది త్రాగిన పండ్లు జివ్వుమనుచుండెనని పిల్ల చెప్పెను. మరియొకనాడు పొరలు తెచ్చి, మొదట అంటింపక ఊరకే నిలిపి, అద్దములో చూపి, పిల్ల ఒప్పుకొనిన పిమ్మటనే పని సాగించిరి. పన్నును శుభ్రపరచి, ఆమ్లము రాసి, కడిగి, ఆరబెట్టి, లేపముతో పొర నద్ది, నీలపు వెలుగుతో గట్టిపరచిరి. ఫ్లోరైడు పట్టిన పంటిపొర ఆమ్లమునకు త్వరగా లొంగదట. అందుచే మామూలుకన్న కొంచె మెక్కువసేపు ఉంచిరి.

ఖర్చు స్వల్పము కాదు. కళాశాలలో గనుక ప్రైవేటు క్లినిక్కుకన్న తక్కువయైనది, ఇరువది గాక నాలుగే గనుక నిర్వహింపగలిగితిమి. నగ సొమ్ములో సగము మిగిలినది.

తరువాతి జాగ్రత్తలు మన వంటిండ్లకు సంబంధించినవి గనుక వ్రాయుచున్నాను. ముందుపండ్లతో చెరకు చీల్చరాదు. సకినాలు, మురుకులు చేతితో విరిచి ప్రక్కపండ్లతో నమలవలెను. దారము, సూది, సీసామూత పంటికి పనిచెప్పరాదు. నిద్రలో పండ్లు కొరుకు నలవాటున్నవారు వైద్యునికి ముందే చెప్పవలెను. అట్టివారికి రాత్రివేళ పెట్టుకొను తొడుగు వేరుగా నిత్తురు. పింగాణికి పుప్పిరాదు గాని దానివెనుకనున్న పంటికి రాగలదు. కాబట్టి రెండుపూటల తోముట, ఏడాదికొకమారైన చూపించుకొనుట తప్పదు. చిగుళ్లు వాచియున్నను, పండ్లు పుచ్చియున్నను మొదట వానిని బాగుచేయించుకొనిన పిమ్మటనే అందము మాట.

కాశికి పోయినవారు తమకు ప్రియమైన పండొకటి విడిచి వత్తురు. మా పిల్ల తన పండ్లమీది పొర విడిచి వచ్చినది. విడిచినది మరల రాదు. ఎరిగి విడిచిన అది యాత్ర; ఒకరు తొందరపెట్టగా విడిచిన అది నష్టము. సోదరీమణులలో నెవరైన తమ బిడ్డకిట్టి పని చేయింప దలచిన, ఎన్ని పండ్లకు వేతురని కాదు, ఎన్ని పండ్లకు వేయకుండ గడచునని వైద్యుని మొదట అడుగవలెను. ఆ ప్రశ్నకు ఓపికతో బదులు చెప్పినవాని యొద్దనే పని చేయింపవలెను.

పని ముగిసిన మరునాడు పిల్లతో నేనును పల్లెకు పోయితిని. అది తిన్నగా అవ్వ యింటికి పోయి మంచముపట్టె మీద కూర్చుండెను. అవ్వ కండ్లు చికిలించి చూచి, "నీ అవ్వగారింటి పండ్లు వచ్చినయే!" అనెను. పిల్ల ఫక్కున నవ్వినది. కుడిచేయి అలవాటుచొప్పున సగము లేచి, ఏమి చేయవలెనో తోచనట్లు గాలిలో ఆగి, మెల్లగా దిగి అవ్వ చేతిని పట్టుకొన్నది.

బడిలో నేమి జరిగినదని వారము తరువాత ఫోనులో నడిగితిని. పిల్లలు వింతగా చూచిరట. అప్పుడది నల్లబల్లమీద నొక గుండు, దానిక్రింద నీరు, నీటిలో నొక బోరు బొమ్మ వేసి, మరక యెట్లు వచ్చునో చెప్పినదట. పండ్లు తోముకొననందున వచ్చినది కాదని చెప్పి, తరగతిలో మరకలున్న పిల్లలను నోరు తెరచి నవ్వుమన్నదట. ఆ మాట విన్నప్పుడు ఆ నాలుగు పింగాణి పొరల వెల గిట్టినదని నాకు తోచినది.

కాని యా ప్రయాణమున నా కన్నిటికన్న మిన్నగా తోచిన పండ్లు వేరు. మా యక్క మనుమనికి ఏడేండ్లు. తెలంగాణ ప్రభుత్వము 2016లో ప్రారంభించిన మిషన్ భగీరథ పథకము క్రింద, శుద్ధిచేసిన నదీజలము వాడు పుట్టిన యేటనే ఆ యింటికి కుళాయిద్వారా వచ్చెనట. నేను పోయినప్పుడు వానికి పాలపండ్లూడి, పైవరుసలో రెండు కొత్తపండ్లు సగము దిగియున్నవి. పెరటి కుళాయి యొద్ద నీళ్లు పుక్కిలించి వాడు నావైపు తిరిగి నోరు తెరచి చూపెను. చారలేదు, చుక్కలేదు. వానికి పింగాణి పని యెన్నడును లేదు.

మా యక్క కొంగుతో వాని మూతి తుడిచి, వెంటనే కుళాయి గట్టిగా కట్టెను. ఒక్క చుక్కయు నేలపాలు కానీయలేదు. ఆ నీరు ఏ యేడును ఆగకుండుగాక!